చంద్రుడు లాగిన లిఫ్టు

మా పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. ఈ ఇరవై ఆరు రోజుల్లో నేనూ మా ఆయనా ఎవరూ పిలవకుండా, ఎవరూ తలుపు తోయకుండా ఒకచోట కూర్చున్న అతి ఎక్కువ సమయం పదకొండు నిమిషాలు. నేను తూనికలు, కొలతల ఆఫీసులో పనిచేస్తాను. నా లెక్కలో తప్పుండదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. మనుషులం ఐదుగురం. అత్తయ్య, మావయ్య, పరీక్షలకు చదువుతున్న ఆడపడుచు, మేమిద్దరం. మాకొక గది ఇచ్చారు, నిజమే. కానీ ఇంటిల్లిపాదికీ ఉన్న ఒకే ఒక్క బీరువా ఆ గదిలోనే ఉంది. గొడుగులు అందులోనే, మావయ్య మాత్రలు అందులోనే, టార్చిలైటు, దుప్పట్లు, కత్తెర, అత్తయ్య పాత ఫొటోలు, అన్నీ అందులోనే. తలుపుకి గడియ ఉంది. పడదు.

"చెక్క ఉబ్బిందమ్మాయ్. వేసవిలో పడుతుందిలే" అన్నారు మావయ్య.

వేసవికి ఇంకా నాలుగు నెలలు.

ఆ రికార్డు పదకొండు నిమిషాలూ ముగిసిన తీరు చెబితే మీకు పరిస్థితి అర్థమవుతుంది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతున్నాడు. తలుపు సందులోంచి ఆడపడుచు తల లోపలికొచ్చింది.

"వదినా, స్టేప్లర్!"

మా ఆయన లిఫ్టు మెకానిక్. మావయ్యదీ అదే పని. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో లిఫ్టులన్నిటికీ వైద్యం చేసి రిటైరయ్యారు. మేముండే బిల్డింగుకి లిఫ్టు బిగించిన వాళ్ళలో ఆయనా ఒకరు. ఇనుప జాలీ తలుపు చేత్తో లాక్కునే పాతకాలం లిఫ్టు. నా పని దుకాణాల తరాజులు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షించడం. మా ఆఫీసులో ఒక చిన్న చెక్కపెట్టె ఉంది. అందులో మిల్లీగ్రాము తూకపు రేకు దోమ రెక్కంత ఉంటుంది. పట్టకారుతో తీసి, ఊపిరి బిగపట్టి పళ్ళెంలో పెట్టాలి. ఊపిరి వదిలామా, ఎగిరిపోతుంది. మా ఆయనవి టన్నులు, నావి మిల్లీగ్రాములు. మొదటిసారి కలిసినప్పుడు మేం గంటసేపు తూకాల గురించే మాట్లాడుకున్నాం. మూడోమనిషి వింటే, వీళ్ళకి పెళ్ళెందుకు, పాత ఇనుము కొట్టు పెట్టుకోవచ్చుగా అనుకునేవాడు.

అలాంటిది, ఒక రాత్రి భోజనాల దగ్గర ఆయన తల వంచుకుని చెప్పాడు.

"పౌర్ణమి మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకి నేను వెళ్ళాలి. పధ్నాలుగు అంతస్తుల కొత్త భవనం. నాలుగు లిఫ్టులు బిగించాలి. నలభై రోజులు."

నలభై! అందరి ముందూ ఆయన్ని 'మీరు' అంటాను, గదిలో 'నువ్వు' అంటాను. ఆ పూట రెండూ రాలేదు.

గిన్నెలు కడుగుతుంటే పక్కకి వచ్చి, తుడిచే నెపంతో గుసగుసగా అన్నాడు.

"పౌర్ణమి సాయంత్రం మేడమీదికి వెళ్దాం. ఒక్క గంట. ఇద్దరమే. పెద్ద చంద్రుడంట కదా, చూపిస్తా నీకు."

అంతే, ఆ గంట మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. నలభై రోజులకు సరిపడా ఒక గంట.

కానీ అందరికీ అదే ఆలోచన వచ్చింది. ఆ వారమంతా టీవీలో చంద్రుడు తప్ప మరో మనిషి లేడు. నూరేళ్ళకోసారి వచ్చే మహాచంద్రుడట! తెర మీద ఎర్రటి అక్షరాలు గుండ్రంగా తిరిగాయి. 'ప్రళయం తప్పదా?' అని ఒక ఛానెలు, 'సముద్రం ఊళ్ళోకొస్తుందా?' అని ఇంకొకటి. చివర ప్రశ్నార్థకం ఒకటి తగిలిస్తే నోటికొచ్చింది ఏమైనా అనొచ్చని నాకప్పుడే తెలిసింది. నిజానికి చంద్రుడు తిరిగే దారి సరైన గుండ్రం కాదు. నెలకోసారి కాస్త దగ్గరకొస్తాడు, కాస్త దూరం పోతాడు. దగ్గరకొచ్చిన రోజూ పౌర్ణమీ కలిస్తే ఒక పిసరు పెద్దగా కనిపిస్తాడు. ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా జరిగేదే. మామూలు చంద్రుణ్ణి తెచ్చి పక్కన పెడితే తప్ప తేడా తెలియదు. పక్కన పెట్టడానికి ఇంకో చంద్రుడు లేడు కదా.

భయపడేవాళ్ళు భయపడుతూనే, చూడాలనుకునేవాళ్ళు చూడాలనుకుంటూనే, ఇరవై ఇళ్ళవాళ్ళూ మేడమీద జాగా పట్టుకోవడం మొదలుపెట్టారు. నాలుగో అంతస్తు వాళ్ళు మూడు రోజుల ముందే కుర్చీలు ఎక్కించారు. రెండో అంతస్తాయన దుర్భిణి కొన్నాడు. మా గంట కళ్ళముందే తలా కాస్త పంచుకుపోతున్నారు.

అప్పుడు నాకొక దిక్కుమాలిన తెలివి తట్టింది.

కింద అంతస్తులో, లిఫ్టుకి ఎదురుగా, బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. అందరూ కత్తెరమ్మ అంటారు. మంచిది, చెయ్యి తిరిగింది, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. మా గది కిటికీకి కర్టెన్ గుడ్డ కొని, అంచు మడిచి కుట్టమని ఇచ్చేందుకు వెళ్ళాను.

"పౌర్ణమినాడు మేడెక్కుతున్నారా కత్తెరమ్మగారూ?"

"ఎక్కకపోతే ఎలాగమ్మా! మళ్ళీ నూరేళ్ళకంట, అప్పటికి నేనుంటానా, నా మిషనుంటుందా?"

నేను కొలత టేపు వేలికి చుట్టుకుంటూ నిట్టూర్చాను. నిట్టూర్పు కాస్త పొడవైంది గానీ పనిచేసింది.

"ఏం తల్లీ, ఏమైంది?"

"ఏంలేదండీ. ఆ వెన్నెల నెత్తిన పడితే జుట్టు తెల్లబడుతుందని ఎవరో అన్నారు. ఆరు నుంచి ఎనిమిది దాకానే లెండి. నిజమో, అబద్ధమో. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి."

కత్తెరమ్మ చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. ఆవిడ జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది, వారానికోసారి సీసాలోంచి.

"నేనెందుకంటానమ్మా ఒకరితో" అంది.

నేను చాలా ఆలోచించే ఆ అబద్ధం ఎంచుకున్నాను సుమా. దానివల్ల ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరికీ జ్వరం రాదు. రెండు గంటలు మేడ ఖాళీగా ఉంటుంది, అంతే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్తుంటే మొదటి అంతస్తులో ఒకావిడ ఇంకొకావిడతో అంటోంది. జుట్టు తెల్లబడడం కాదట, కుచ్చులు కుచ్చులుగా ఊడుతుందట. సాయంత్రం తిరిగొస్తుంటే రెండో అంతస్తులో పళ్ళు కదులుతున్నాయి. మూడో రోజుకి మేడమీద ట్యాంకులో నీళ్ళు పైకి లేచి నిలబడతాయన్నారు. గోరంత కొండంతవుతుందని చిన్నప్పుడు చదువుకున్నాను గానీ, అంతస్తుల చొప్పున పెరుగుతుందని తెలియదు.

నాలుగోరోజు సాయంత్రం ఆడపడుచు పుస్తకం మూసి, గుండెమీద చెయ్యి వేసుకుంది.

"వదినా, నీకు తెలుసా? చంద్రుడు ఇనుముని లాగుతాడంట. మన లిఫ్టు చప్పున పైకి లేచి, మేడ బద్దలుకొట్టుకుని పోతుందంట!"

"ఎవరే చెప్పింది?" అన్నాను.

"ఎవరో సైన్సు చదివిన మనిషే చెప్పిందంట. తూనికల్లో పనిచేస్తుందంట."

నేను తాగుతున్న మంచినీళ్ళు ముక్కులోకి పోయాయి. అత్తయ్య వచ్చి నెత్తిమీద గట్టిగా రెండు తట్టింది. ఆ రెండో దెబ్బ ఎందుకో అవసరంకన్నా గట్టిగా పడ్డట్టనిపించింది.

ఆ రాత్రే సెక్రటరీగారు మీటింగు పెట్టారు. బిల్డింగు సంఘానికి ఆయన సెక్రటరీ. నోటీసు బోర్డు లేకపోతే బతకలేని మనిషి. కింద కార్లు పెట్టుకునే చోట ఇరవై ఇళ్ళవాళ్ళూ చేరారు. ఆయన మైకు లేకుండానే మైకులో మాట్లాడినట్టు మాట్లాడారు.

"పౌర్ణమి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు మేడమీదికి ఎవరూ వెళ్ళకూడదు! ఇళ్ళల్లో కూడా ఉండకూడదు! అందరూ ఇక్కడే, కిందే కూర్చోవాలి. హాజరు తీస్తాం. లిఫ్టుకి కరెంటు తీసేస్తాం. ఇక, మన మెకానిక్..." వేలు మా ఆయన వైపు తిరిగింది. "నువ్వు మేడమీద మిషన్ గదిలో, బ్రేకు దగ్గర కూర్చోవాలి."

"నేనెందుకండీ?"

"చంద్రుడు లాగితే నువ్వు పట్టుకోవాలి కదయ్యా!"

నా గుండె జారి చెప్పుల్లో పడింది. మేడ ఖాళీ. ఆయన మేడమీద. నేను కింద, హాజరు పుస్తకంలో. నేను తవ్విన గోతిలో నేనే పడడం అంటే ఇదే. కొలతలు కూడా నావే. లేచి నిలబడ్డాను.

"ఒక్క మాటండీ. నేను తూనికల ఆఫీసులో పనిచేస్తాను. చంద్రుడు అంత దగ్గరకొచ్చినా, ఒక మనిషి బరువులో తేడా ఎంతో తెలుసా? రెండు నువ్వుగింజలంత! అంతకన్నా లేదు. ఇక లిఫ్టునేం లాగుతాడండీ?"

అమ్మయ్య, శాస్త్రం గెలిచింది అనుకున్నాను.

"చూశారా!" అంది కత్తెరమ్మ వెనకనించి. "లాగుతాడని ఈ అమ్మాయే ఒప్పుకుంది!"

"మనిషికి రెండంటే, ఇంట్లో ఐదుగురికి పది" అన్నాడు దుర్భిణాయన.

"ఇరవై ఇళ్ళకి?"

"సామాన్లు లెక్కేయలేదు మీరు. నాలుగో అంతస్తులో రెండు బీరువాలున్నాయి."

"ఇనుము వేరే!"

సెక్రటరీగారు నా వైపు ఎంతో గౌరవంగా చూశారు. "శాస్త్రీయంగా చెప్పావమ్మా. నోటీసులో రాయిస్తాను." మర్నాడు బోర్డు మీద ఎర్ర సిరాతో ఉంది: 'నిపుణుల హెచ్చరిక: మనిషికి రెండు నువ్వుగింజలు.'

మీటింగు నుంచి ఇంటికొచ్చాక అత్తయ్య ఒక్క మాటే అడిగింది.

"అమ్మాయ్, జుట్టు సంగతి ముందు ఎవరన్నారో కనుక్కున్నావా?"

"లేదత్తయ్యా" అన్నాను, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ.

"ఊఁ" అంది. అత్తయ్య ఊఁ అంటే అందులో సగం బిల్డింగు పడుతుంది.

ఇక మిగిలింది ఒక్క రోజు. వంటింట్లో మా ఆయనా నేనూ తలలు దగ్గర పెట్టుకున్నాం. మావయ్య గుమ్మం పక్కన కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఆయన పేపరు పట్టుకుంటే మనిషి కనిపించరు, కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. కాళ్ళు వినవు కదా అనుకున్నాం.

"మెట్లెక్కి రాలేవా?" అన్నాడు మా ఆయన.

"మెట్ల మొదట్లో సెక్రటరీగారు కుర్చీ వేసుకుంటారట. ఈల కూడా కొన్నారు."

ఆయన మొహం వెలిగింది. స్కేలు తీసుకుని, మధ్యలో దారం కట్టి, రెండు కొసలకీ రెండు సంచులు తగిలించాడు.

"ఇది లిఫ్టు పెట్టె. ఇవతలిది దాని వెనక వేలాడే ఇనుప దిమ్మెలు. తాడు ఒకటే. ఒకటి దిగితే రెండోది లేస్తుంది. మనది ఆరుగురి లిఫ్టు. ముగ్గురెక్కితే రెండువైపులా సమానం. ఒక్కరో ఇద్దరో ఎక్కితే దిమ్మెల బరువే ఎక్కువ. కరెంటు అక్కర్లేదు. నేను పైన బ్రేకు వదిలానంటే పెట్టె తనంతట తనే పైకొస్తుంది."

"నా తరాజే కదా ఇది!" అన్నాను. నాకెంత ఆనందమేసిందంటే, ఆ స్కేలుని ముద్దు పెట్టుకున్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు.

"తాళ్ళ మీద ఎర్రరంగు గుర్తులున్నాయి. నాలుగో అంతస్తు గుర్తు రాగానే బ్రేకు వేస్తా. అక్కడినుంచి మేడకి ఒకే వరస మెట్లు. నువ్వు లోపలికెక్కి, జాలీ వేసి, ఉంగరంతో ఇనుము మీద కొట్టు. మా పనిలో భాష అది. ఒక దెబ్బ అంటే ఆగు. రెండంటే దించు. మూడంటే ఎత్తు."

"మూడు" అన్నాను.

గుమ్మం పక్కన పేపరు ఒక పేజీ తిరిగింది.

పౌర్ణమి వచ్చింది. ఐదున్నరకే అందరూ కుర్చీలు మోసుకుని కిందికి దిగారు. కత్తెరమ్మ మిషను మీద గుడ్డ కప్పి, నా కర్టెన్ మడత చంకలో పెట్టుకుని వచ్చింది. "నీ చేతికే ఇస్తానమ్మా, లోపల ఉంచితే ఏమవుతుందో" అంది. మా ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని, నావైపు చూడకుండా, చెవులు మాత్రం ఎర్రగా చేసుకుని మెట్లెక్కి పోయాడు. హాజరు పుస్తకం ఆడపడుచు చేతిలో పెట్టారు, అక్షరాలు చక్కగా రాస్తుందని. ఆరింటికి సెక్రటరీగారు మీట కట్టేసి, లిఫ్టులో దీపం ఆరిందని అందరికీ చూపించి, మెట్లకి అడ్డంగా కుర్చీ వేసుకున్నారు.

ఇక సూచనలు చదవడం మొదలుపెట్టారు. మొత్తం పదిహేడు. ఆరో సూచన దగ్గర అందరూ తలలు వంచుకోవాలి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాలి. నా అదృష్టం అక్కడుంది. ఆరో సూచనకి లేవాలి, స్తంభం చాటునించి పదడుగులు వేయాలి. జాలీ తలుపుకి ముందురోజే నూనె పెట్టాడు ఆయన.

ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాను. నాలుగో సూచన. ఐదో సూచన.

"ఆరు! అందరూ కళ్ళు మూసుకోండి!"

లేచాను. స్తంభం దాటాను. మూడడుగుల్లో ఆగిపోయాను.

లిఫ్టులో అప్పటికే ఇద్దరున్నారు.

చీపురుపుల్లలాంటి మావయ్య, ఆయన మోచెయ్యి పట్టుకుని అత్తయ్య. తల దువ్వుకుని, చెవులకి మంచి కమ్మలు పెట్టుకుని, నీట్‌గా ఉంది. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య ఒక వరస మెట్లు ఎక్కడమే గొప్ప. మావయ్య నన్ను చూశారు. కొంచెం సిగ్గుపడ్డారు. అయినా జాలీ లాగేశారు.

"అత్తయ్యా!" అన్నాను, అరవలేక, ఊరుకోలేక.

అత్తయ్య జాలీ సందులోంచి తాళాలగుత్తి నా చేతిలో పడేసింది.

"అమ్మాయ్, వంటింట్లో స్టవ్వు కట్టానో లేదో గుర్తులేదు. వెళ్ళి చూడు. ఎనిమిది దాకా మనింటికి ఎవరూ రారులే" అంది.

మావయ్య ఉంగరం తీసి ఇనుము మీద కొట్టారు. టంగ్. టంగ్. టంగ్. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆ మూడు దెబ్బల్లో ఉంది. నేనైతే అంత బాగా కొట్టలేకపోయేదాన్ని.

పైనెక్కడో బ్రేకు వదిలిన చప్పుడు. లిఫ్టు కదల్లేదు. అత్తయ్య బరువు గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు గానీ, తూనికల మనిషిని కదా, మనసులో గబగబా తూచేశాను. ఆవిడ ఒకరా, ఇద్దరా? మావయ్య అరమనిషికి ఎక్కువా తక్కువా? తరాజు ముల్లు నడిమధ్య వణికినట్టు పెట్టె ఒక్క క్షణం వణికింది. తర్వాత మెల్లిగా, దీపం లేకుండా, మోటారు చప్పుడు లేకుండా, దూదిపింజలా పైకి లేచింది.

జనం ఆ మూడు దెబ్బలకే కళ్ళు తెరిచారు.

"లిఫ్టు!" అని ఎవరో కేక వేశారు.

"కరెంటు లేదు!"

"వెళ్ళిపోతోంది! మనుషులతో సహా వెళ్ళిపోతోంది!"

సెక్రటరీగారు లేచి, కుర్చీ తన్నుకుని, ఈల నోట్లో పెట్టుకున్నారు. గాలి రాలేదు. రెండోసారికి కుయ్యిమంది. "పట్టుకోండి! పట్టుకోండి!"

"దేన్ని పట్టుకోమంటారు?"

"నేను చెప్పలా! నేను చెప్పలా!" కత్తెరమ్మ ఆనందమో భయమో తెలియని గొంతుతో అరుస్తూ, చంకలో ఉన్న నా కర్టెన్ విప్పి నెత్తిన కప్పుకుని వీధిలోకి పరుగెత్తింది. ఆవిడ వెనక అందరూ పరుగెత్తారు. బిల్డింగు కూలుతుందని కొందరు, లిఫ్టు మేడ చీల్చుకుని బయటికొస్తే చూద్దామని ఇంకొందరు. వీధిలో నిలబడి అందరూ ఒక్కసారే తలలెత్తారు. ఎదుటి ఇళ్ళ వెనకనించి చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు, పసుప్పచ్చగా, గుండ్రంగా, ఏ పాపం ఎరగనట్టు. కేకలు ఆగిపోయాయి. జుట్టు సంగతి ఎవరికీ గుర్తులేదు. కత్తెరమ్మ కూడా కర్టెన్ అంచు కొంచెం పక్కకి తీసి ఒక కంటితో చూస్తోంది.

మెట్ల దగ్గర కుర్చీ ఖాళీ. కానీ పక్కనే హాజరు పుస్తకంతో ఆడపడుచు.

నా చేతిలో తాళాలవైపు చూసింది. నా మొహంవైపు చూసింది.

"వదినా, ఆ స్టేప్లర్ ఇక నాదేనా?"

"నీదే."

పుస్తకంలో నా పేరుకెదురుగా టిక్కు పెట్టింది. వాళ్ళన్నయ్య పేరుకెదురుగా కూడా.

మూడంతస్తులూ ఎలా ఎక్కానో తెలియదు. మా గుమ్మం ముందు, పైనించి రెండేసి మెట్లు దిగుతూ వస్తున్న మా ఆయన నాకు ఎదురుపడ్డాడు. మొహం నిండా గ్రీజు, కళ్ళు పెద్దవి చేసుకుని ఉన్నాడు.

"నువ్వు లిఫ్టులో లేవు!"

"లేను."

"మా అమ్మ ఉంది!"

"చూశాను."

"చూశావా? నాలుగో అంతస్తుకి పరుగెత్తుకొచ్చి, చీకట్లో జాలీ లాగి, 'వచ్చావా బంగారం' అన్నాను!"

నాకు నవ్వు ఆగలేదు. గోడ పట్టుకున్నాను. "అత్తయ్య ఏమంది?"

"'వచ్చాన్రా బంగారం, ఇక నువ్వు కిందికి పో' అంది. నాన్న నాకేసి చూడనైనా చూడలేదు. పెళ్ళయిన కొత్తలో మేడమీద చంద్రుణ్ణి చూపిస్తానన్నాడంట అమ్మకి. అప్పుడు ఇంట్లో తొమ్మిదిమందంట. ముప్ఫై రెండేళ్ళకి కుదిరిందంట. నీకు చెప్పమని ఇంకో మాట కూడా అంది."

"ఏంటది?"

"జుట్టు కథ బాగానే అల్లావంట. కత్తెరమ్మకి కాదు, ముందు తనకి చెప్పుంటే తనింకా బాగా అల్లేదంట. ఇంకొకటి. మన గది గడియ ఏ వేసవిలోనూ పడలేదంట. వాళ్ళ పెళ్ళినాటినించీ అంతేనంట."

తాళం తీశాం. లోపలికి వెళ్ళాం. వీధి తలుపు వేశాం. దాని గడియ చక్కగా పడింది.

ఇల్లు ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో నాకప్పటిదాకా తెలియదు. గోడగడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందా! వంటింటి కుళాయి ఇన్ని చుక్కలు వదులుతుందా! ఆయన ఒకసారి, "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు, సరదాకి. ఎవరూ పలకలేదు. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. స్టవ్వు చూశాను. కట్టే ఉంది. అత్తయ్య స్టవ్వు కట్టడం మరిచిపోవడమా!

బీరువా ఉన్న గదిలోకి వెళ్ళబుద్ధి కాలేదు. వంటింటి గట్టుమీద పక్కపక్కనే కూర్చున్నాం, కాళ్ళు వేలాడేసుకుని. కిటికీలోంచి, ఎదుటి మేడ నీళ్ళ ట్యాంకుకీ పైపుకీ మధ్య సందులో చంద్రుడు సరిగ్గా ఇరుక్కుని ఉన్నాడు.

"ఇంతేనా?" అన్నాడు ఆయన.

"చెయ్యి చాచి చిటికెనవేలి గోరు అడ్డం పెట్టు. మొత్తం మూసుకుపోతాడు."

పెట్టాడు. మూసుకుపోయాడు. "దీనికా ఇంత గొడవ?" అని, గోరు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, "కానీ బాగున్నాడు కదూ" అన్నాడు.

"బాగున్నాడు."

"నా బరువు ఇప్పుడు రెండు నువ్వుగింజలు తగ్గిందా?"

"తగ్గింది."

"తెలుస్తోంది" అని నా భుజం మీద తల పెట్టాడు. గ్రీజు వాసన. కాస్త ఎక్కువ బరువే ఉంది ఆ తల.

పన్నెండు నిమిషాలు దాటాయి. రికార్డు. ఇరవై దాటాయి. వీధిలోంచి సెక్రటరీగారు పదకొండో సూచన చదువుతున్న గొంతు వినిపించింది. ఎవరో, "ఆగండీ, కాసేపు చూడనివ్వండి" అంటున్నారు. రేపు పొద్దున ఆరింటి బస్సు గురించి ఇద్దరం మాట్లాడలేదు. నలభై రోజులు అన్న మాట గట్టు మీద మా మధ్య కూర్చోబోయింది గానీ, దానికి చోటు చాల్లేదు.

అప్పుడు వినిపించింది. లిఫ్టు గోతిలోంచి, ఇనుము మీద ఉంగరం.

టంగ్.

మా ఆయన తటాలున గట్టు దిగాడు. ఇద్దరితో ఆ పెట్టె తనంతట తాను కిందికి రాదు. పైన మిషన్ గదిలో చక్రం చేత్తో తిప్పి దించాలి, అది ఆయనే తిప్పాలి. రెండో దెబ్బ పడిందంటే, దించు అని. గంట అయిపోయిందని.

నేను ఆయన చొక్కా కొస పట్టుకున్నాను. ఆఫీసులో మిల్లీగ్రాము రేకు పళ్ళెంలో పెట్టేటప్పటిలా ఇద్దరం ఊపిరి బిగపట్టాం. గడియారం కొట్టుకుంటోంది. కుళాయి ఒక చుక్క వదిలింది. ఇంకో చుక్క.

రెండో దెబ్బ పడలేదు.

ఆయన నావైపు తిరిగాడు. గ్రీజు మొహం మెల్లిగా విచ్చుకుంది.

"ఒక్కటే కొట్టాడు నాన్న" అన్నాడు. "ఆగమంటున్నాడు."

మళ్ళీ గట్టెక్కి కూర్చున్నాడు.